నాలుగు ఒక్కపొద్దులు

"నిజం చెప్పమ్మా, ఏమన్నా తాగుతావా?"

డాక్టరు జ్ఞానమణి ఆ మాట మామూలుగానే అడిగింది. బీపీ పట్టీ చుట్టి పక్కన పెడుతూ, జ్వరం ఎన్నాళ్ళ నుంచి అన్నట్టు అడిగింది. నాగరత్నమ్మకు మాత్రం చెవుల్లో గుయ్యిమంది. నందికొట్కూరు బజారులో మూడు తరాల కిరాణా అంగడి వాళ్ళ పెద్దకోడలు ఆమె. శనివారం పూట వెల్లుల్లి వాసన తగిలినా తలస్నానం చేసే మనిషి.

"కాఫీ తాగుతా మేడమ్, పొద్దున ఒకటి, మాపున ఒకటి."

"కాఫీ కాదులేమ్మా. మందు. సారా, బీరు, ఇంకేదన్నా."

పక్క కుర్చీలో కూర్చున్న మొగుడు రామకోటయ్య అదిరిపడ్డాడు. "ఏం మాటలు మేడమ్ ఇవి! మా ఇండ్లల్లో మగోళ్ళే ముట్టరు. ఇంక ఆడమనిషి..." అని సగంలో ఆపి, ఎందుకో ఒకసారి భార్య వైపు చూశాడు. ఆ చూపు ఒక్క క్షణమే. అయినా నాగరత్నమ్మ చూడనే చూసింది.

ఆ యేడు చికున్‌గున్యా ఊరూరినీ మంచానికి ఎక్కించింది. శ్రావణంలో కీళ్ళు పట్టుకుని కర్నూలొస్తే రక్తపరీక్ష రాశారు, రక్తంలో ఏదో తేడా ఉందని స్కానింగూ రాశారు. స్కానింగులో తేలింది కాలేయంలో కొవ్వు. నోరు కట్టుకో తల్లీ, తిండి తగ్గించు, మూడు నెలల తర్వాత రా అంది అప్పుడు ఈ డాక్టరమ్మే. సరిగ్గా మూడు నెలలకి కార్తీకంలో వస్తే, అరవై ఎనిమిది ఉన్న కాలేయం లెక్క, ఎస్‌జీపీటీ, తొంభై నాలుగైంది. నలభై లోపు ఉండాలట. డెబ్భై ఆరు కిలోల ఒళ్ళు డెబ్భై తొమ్మిదైంది.

"అందరినీ అడగాల్సిందేమ్మా, తప్పుగా అనుకోవద్దు. పచ్చకామెర్ల పరీక్షలు రెండు రకాలవీ చేయించి చూసినా, ఆ జబ్బులు లేవు. నువ్వు తాగవంటాండావు, నమ్మినా. ఇప్పుడు తాగనోళ్ళకూ వస్తాంది ఈ జబ్బు, తిండితో వస్తాది. నేను చెప్పినట్టు నోరు కట్టుకున్నావా లేదా?"

"కట్టుకోకుండానా మేడమ్! ముందు శనివారం ఒక్కటే ఒక్కపొద్దు ఉంటాంటి. మీరు చెప్పినాంక సోమవారం, గురువారం, శుక్రవారం కూడా పట్టినా. వారానికి నాలుగు రోజులు మెతుకు ముట్టను."

డాక్టరు కాగితాల వంక చూసింది, త్రాసు వంక చూసింది, మళ్ళీ ఆమె వంక చూసింది. వారంలో నాలుగు రోజులు కడుపు మాడ్చుకునే మనిషికి మూడు కిలోలు ఎట్లా పెరుగుతాయో ఆమెకూ పాలుపోలేదు. నాగరత్నమ్మకైతే అసలే పాలుపోలేదు. తిండి పెట్టని బిడ్డ బొద్దుగా పెరిగినట్టుంది ఆ కొవ్వు వ్యవహారం.

"ఇదిట్లే పోతే కాలేయం గట్టిపడుతుందమ్మా. గట్టిపడినాంక నా చేతుల్లో ఉండదు," అంది జ్ఞానమణి. "ఒక పని చేయండి. రేపు, ఎల్లుండి, అవతలెల్లుండి, మూడు రోజులు. నోట్లోకి ఏది పోయినా రాయాల, మంచినీళ్ళు తప్ప. ఎన్ని గంటలకో కూడా రాయాల. నువ్వు రాసుకోవద్దు, ఇంట్లో ఇంకెవరన్నా రాయాల. శనివారం పొద్దున పరగడుపున తీసుకోని రా."

బస్సులో రామకోటయ్య నోరు మెదపలేదు. మామూలుగా అయితే కర్నూలు దాటేలోగా వేరుశనగ బుడ్డల ధర దగ్గర మొదలుపెట్టి ఊళ్ళో సంగతులన్నీ తవ్వే మనిషి. సగం దారి దాటినాక మెల్లగా అడిగాడు.

"ఏమే, ఆ నల్లసీసా ఇంకా తాగుతాండావా?"

"ఏ నల్లసీసా?"

"అదే, ద్రాక్షారిష్టం."

నాగరత్నమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కొడుకు కిరణ్ పుట్టినప్పుడు వాళ్ళమ్మ అలవాటు చేసింది దాన్ని, బాలింతకు బలమని. అప్పటి నుంచీ అన్నం తిన్నాక రెండు చెంచాలు. దాంట్లో ఏముందో ఆమె ఎన్నడూ చదవలేదు. ఇంటికి పోతూనే చెప్పులు విడిచి, వంటింటి గూట్లోంచి సీసా దింపి, కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివింది. చిన్న అక్షరాల్లో ఉంది, పులియబెట్టి తయారుచేసినదని, అందులో సారాయి పాలు ఇంత అని. ఇరవై ఐదేళ్ళుగా తాను రోజూ రెండు చెంచాల సారాయి తాగుతోందన్నమాట! దేవుడి గదిలోకి పోవాలంటే కాళ్ళు రాలేదు. సీసాను గిన్నెలు తోమే జాలాట్లోకి వంచి, నీళ్ళు పోసి, మళ్ళీ నీళ్ళు పోసింది. వాసన పోయిందో లేదో వంగి చూసింది.

"ఏమైందత్తా?" అంది కోడలు పద్మప్రియ, వాకిట్లోంచి వస్తూ. ఆ పిల్ల ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"ఏమీ లేదులే. రేపట్నుంచి నేను తినేదంతా నువ్వు రాయాలంట."

"రాస్తాలే అత్తా. నాకు లీవులు మిగిలిండాయి, శనివారం దాకా పెడతా," అని పద్మప్రియ బడి పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసి, చివరి పేజీలకు తిప్పి, గీతలు కొట్టింది.

బుధవారం ఒక్కపొద్దు లేని రోజు. ఇంటిపని ఎట్లా పోతుందో అట్లాగే పోయింది. ఆరింటికి కాఫీ. ఏడున్నరకు కొడుకు కిరణ్‌కుమార్‌కు దోసెలు, ఎనిమిదిన్నరకు మొగుడికి దోసెలు. మనవరాలు శివాని రెండు తుంచి వదిలేసిన దోసె పారేయడానికి మనసొప్పక నాగరత్నమ్మ పొయ్యి దగ్గరే నోట్లో వేసుకుంది. పదింటికి కందిబేడలు కడిగి ఎసట్లో వేసింది. గోంగూర ఒలిచింది, కాడలు వేరు, ఆకు వేరు. పన్నెండున్నరకు అంగడి నుంచి ఒకరు, ఒంటిగంటకు ఇంకొకరు, ఒంటిగంటన్నరకు బడి వదిలిన శివాని. ఒక్కొక్కరికీ వేడివేడిగా వడ్డించి, ఉప్పు చాలిందా అని అడిగి, కంచం తీసి, మళ్ళీ ఇంకో కంచం పెట్టి. పద్మప్రియ "కూర్చో అత్తా, నేను పెడతా" అంటే, "నువ్వు తినెయ్ ముందు, నాకేం తొందర" అంది. ఆ తర్వాత గిన్నెలు సర్ది, పొయ్యి తుడిచి, తెల్లారితే పాసిపోతుందని అడుగున మిగిలిన అన్నమంతా పళ్ళెంలోకి గీకి, చల్లారిన పప్పు కలుపుకుంది. కోడలు గడియారం చూసి ఏదో రాసుకుంది.

గురువారం సాయిబాబా ఒక్కపొద్దు. ఆ రోజు నాగరత్నమ్మ నడకే వేరు. స్నానం చేసి తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని, దీపం వెలిగించి, ఎనిమిదింటికల్లా ఉగ్గాని చేసింది. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి నీళ్ళు పిండేసి, పుట్నాలపొడి చల్లి, నేతి పోపు పెట్టి, ఉల్లిపాయ లేకుండా. బొరుగులు అన్నం కాదు గదా, ఒక్కపొద్దుకు పనికొస్తాయి. బాబా పటానికి చూపించి, పీట వేసుకుని కూర్చుని తినింది. పదకొండుకు రెండు అరటిపండ్లు, బెల్లం వేసిన పాలు. ఒంటిగంటకు పూరీలు, బంగాళాదుంప కూర. పూరీ నూనెలో పొంగుతుంటే జాలిగరిటెతో నెత్తిన మెల్లగా తట్టడం, ఆ పొంగును చూడడం ఆమెకు ఎంతిష్టమో చెప్పలేం. నాలుగింటికి సగ్గుబియ్యం పాయసం, జీడిపప్పుతో. దీపాల వేళ రెండు బుడ్డల ఉండలు, మళ్ళీ పాలు.

మధ్యాహ్నం పక్కింటి రామేశ్వరమ్మ మజ్జిగ తోడుకని గిన్నె పట్టుకొచ్చింది. గిన్నె నింపించుకుని కూడా పోలేదు.

"ఒదినా, నీకు లివరు చెడిందంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో అంటాండ్రిలే. అయినా లివరంటే తాగుబోతులకు గదా చెడేది? మా తోడికోడలి తమ్ముడు దాంతోనే పాయె. నీకెట్లొచ్చె ఒదినా?" అని గొంతు తగ్గించి, "అన్న గాని రహస్యంగా తెచ్చి..." అంది.

ఒళ్ళు మండిపోయింది నాగరత్నమ్మకు. "నీ నోట్లో మన్ను పడ! మా ఆయన తెచ్చి నాకు పోస్తాడా? నీకు బుద్ధి ఉండాదా?" అని గిన్నె చేతిలో పెట్టి సాగనంపింది. తలుపు వేసుకున్నాక మాత్రం జాలాట్లో వంపిన నల్లసీసా గుర్తొచ్చింది. రామేశ్వరమ్మ అన్నదాంట్లో అబద్ధమేముంది? డాక్టరు తాగుతావా అంది, సీసా మీద సారాయని రాసింది. ఒక్కపొద్దులుంటే పెరుగుతోంది, ఉండకపోతే ఏమవుతుందో తెలీదు. ఏది జబ్బో ఏది మందో అర్థం కాక ఆమె ఆ సాయంత్రం సాయిబాబా పటం ముందు కూర్చుని, "నువ్వన్నా చెప్పు స్వామీ, నేనేం తప్పు చేసినా?" అని అడిగింది. పటంలో ఆయన ఎప్పట్లాగే చెయ్యెత్తి ఉన్నాడు.

శుక్రవారం లక్ష్మీదేవి ఒక్కపొద్దు. గోధుమరవ్వ కేసరి, చపాతీలు, మళ్ళీ పాయసం. పద్మప్రియ రాస్తూనే ఉంది. ఒకసారి మాత్రం పెన్ను ఆపి అడిగింది.

"అత్తా, ఒక్కపొద్దు లేని రోజు నీకోసం ఏమన్నా చేసుకుంటావా?"

"నాకోసం ఏంటికే? అందరికీ చేసిందే గదా."

ఆ పిల్ల మళ్ళీ పెన్ను పట్టుకుంది.

శనివారం పొద్దున రామకోటయ్య కూడా ఏమీ తినకుండా, ఒట్టి కాఫీ తాగి బయల్దేరాడు, బస్సు తప్పిపోతుందని. నాగరత్నమ్మ నోటుబుక్కును కొంగులో చుట్టుకుని పట్టుకుంది. దాంట్లో ఏముందో ఆమె విప్పి చూడలేదు. తాను తప్పేమీ చేయలేదని ఆ బుక్కు చెబుతుందని నమ్మకం.

రక్తం తీశాక డాక్టరు జ్ఞానమణి నోటుబుక్కు తెరుస్తూ, ముందు నాగరత్నమ్మ చెప్పిన సీసా సంగతి విని నవ్వింది. "రెండు చెంచాలకు ఇంత కొవ్వు రాదమ్మా. అనవసరంగా పారబోసినావు. సరే, దాని జోలికి పోవద్దులే ఇంక." నాగరత్నమ్మకు కొండంత బరువు దిగింది. అది దిగినంతసేపు పట్టలేదు ఇంకొకటి ఎక్కడానికి. డాక్టరు గురువారం పేజీ పైకి చదవసాగింది. నేతి ఉగ్గాని ఒక పళ్ళెం. అరటిపండ్లు రెండు. బెల్లం పాలు. పూరీలు ఆరు. పాయసం గిన్నెడు. బుడ్డల ఉండలు. పాలు. శుక్రవారం కేసరి రెండుసార్లు.

రామకోటయ్య ఫక్కున నవ్వాడు. నాలుగు రోజులుగా లోపల దాచుకున్న అనుమానమంతా ఆ నవ్వులో బయటపడింది. "అదీ సంగతి! కడుపు మాడ్చుకుంటాండాది పాపమని నేననుకుంటాంటే, పూరీలు పాయసాలు! ఇది ఒక్కపొద్దా, పెండ్లి విందా?"

నాగరత్నమ్మ తలెత్తలేకపోయింది. కొంగు అంచును వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. అన్నం ముట్టకపోతే ఒక్కపొద్దేనని వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళ జేజి చెప్పింది. నందికొట్కూరులో ఏ ఇంట్లో చూసినా ఇంతే. పందొమ్మిదేండ్ల కిందట ఈ నవ్వే మనిషే ఆదోని నుంచి సరుకుతో వస్తూ లారీ బోల్తాపడి పెద్దాసుపత్రిలో పడుంటే, వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని పట్టింది శనివారాలు. అవి ఒక్కపొద్దులే కాకపోతే, ఇన్నేండ్లూ తాను దేవుణ్ణి మోసం చేసినట్టేనా? మరి ఈయన ఎట్లా బతికినాడు? ఆమెకు ఏదీ అంతుపట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు నవ్వలేదు. పేజీ వెనక్కి తిప్పి బుధవారం దగ్గర ఆగింది.

"ఈ పాప భలే రాసింది," అంది. "'తొమ్మిదింబావు, శివాని వదిలేసిన దోసె, పొయ్యి దగ్గర నిలబడి. మూడూ ఇరవై, మిగిలిన అన్నం, చల్లటి పప్పు, గోంగూర అడుగు, నిలబడి. రాత్రి పదీ పది, ఆ పూట మిగిలిన అన్నం, మజ్జిగ, నిలబడి.' బుధవారం మూడూ ఇరవైకి ఏంటికి తిన్నావమ్మా?"

"అందరివీ అయినాంక గదా మేడమ్ నేను తినేది."

"గురువారం ఎనిమిదింటికే తిన్నావే. అదీ కూర్చోని."

"ఒక్కపొద్దు గదా. ఆ పొద్దు దేవుడికి చూపించి నేనే ముందు తినాల. ఎవరూ ఏమనుకోరు."

"ఆ రోజు ఏం వండాలని ఎవరు చెప్తారు?"

"ఎవరు చెప్తారు మేడమ్? ఆ పొద్దు నాకేది బుద్ధి పుడితే అది చేసుకుంటా." చెప్పాక నాగరత్నమ్మకే ఆ మాట కొత్తగా వినిపించింది. వారంలో మిగిలిన మూడు రోజుల్లో నీకేది ఇష్టమని ఎవరన్నా అడిగారా, తానన్నా తనను అడిగిందా అని వెతికింది. గుర్తుకు రాలేదు.

రామకోటయ్య నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. ఆయన నోటుబుక్కు వైపే చూస్తున్నాడు. "నిలబడి" అన్న మాట ఆ ఒక్క పేజీలోనే మూడు చోట్ల ఉంది.

డాక్టరు చీటీ రాసింది. విటమిన్ ఈ బిళ్ళ రోజుకొకటి. పొద్దున నలభై నిమిషాల నడక. చక్కెర, బెల్లం, నూనెలో కాల్చినవి బంద్. "అసలు మందు ఇదమ్మా, మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి ఎనిమిదిలోపల అందరితో పాటు కూర్చోని తినాల. ఒక జొన్నరొట్టె, గంపెడు ఆకుకూర, రవ్వంత అన్నం. మిగిలింది పారేయ్, ఆవుకు పెట్టు, నీ కడుపులో వేయొద్దు. మూడు నెలలు గట్టిగా చేస్తే ఈ కొవ్వు దిగుతుంది. ఇంకా గట్టిపడలేదు, అదృష్టం."

"మల్ల ఒక్కపొద్దులు?"

"మానెయ్. దేవుడేమీ అనుకోడు."

"మూడు మానేస్తా మేడమ్. శనివారం మానలేను. అది ఈయన ప్రాణానికి మొక్కింది." ఆ మాటన్నాక ఆమెకు భయం వేసింది. ఉంటే తన కాలేయం, మానితే ఆయన ప్రాణం. ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో తెలియలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అప్పుడప్పుడే మొలిచిన శనగచేలు చూస్తూ వచ్చింది. రామకోటయ్య మనసులో ఏముందో అడగాలంటే బెరుకు. ఊరు దగ్గర పడ్డాక ఆయనే అన్నాడు.

"శనివారం నేనుంటాలే."

"ఏంది?"

"ఒక్కపొద్దు. ప్రాణం నాది గదా, నేనుంటా. ఈ పొద్దు నుంచే. పొద్దున్నుంచి కాఫీనే గదా తాగింది."

"మీరుండలేరు. పదకొండైతే ఆకలికి అరుస్తారు."

"ఉంటానంటాండా గదా!"

నాగరత్నమ్మ ఆయన ముఖం పరీక్షగా చూసింది. ఎగతాళి కాదు. "ఉంటే సరిగ్గా ఉండాల. నేనున్నట్టు కాదు. పూరీలు గీరీలు ఉండవు, చెప్తాండా. నీళ్ళే," అంది. ఆ గదమాయింపు తన గొంతులోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. పద్మప్రియ జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెట్టింది, పాలకూర పప్పు దింపింది. ఫోనులో మామ ఏం చెప్పాడో ఏమో, అత్త కాళ్ళు కడుక్కుని రాగానే పీట వేసి, కంచం పెట్టి, "కూర్చో అత్తా" అని, జవాబుకు ఆగకుండా శివానిని తీసుకురావడానికి బడికి వెళ్ళిపోయింది.

నాగరత్నమ్మ కూర్చుంది. కూర్చున్నదేగానీ చేతులు ఊరుకోలేదు. గరిటె కోసం ఒకటి, మంచినీళ్ళ చెంబు కోసం ఒకటి చాచింది. వడ్డించడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఎదురుగా ఉన్న మనిషికి కంచమే లేదు. రామకోటయ్య గోడకు ఆనుకుని, గ్లాసు నీళ్ళు ముందర పెట్టుకుని, ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటికట్ల చూస్తాండారు? అంగడికి పోండి."

"పోతాలే. తిను."

"మీరు చూస్తాంటే నాకు మింగుడు పడదు."

"ఇరవై ఏడేండ్లాయె పెండ్లయి," అన్నాడాయన నీళ్ళ గ్లాసు వంక చూస్తూ. "నువ్వు అన్నం తినేది నేను ఒక్కపొద్దు కూడా చూడలేదే."

నిజమా అని నాగరత్నమ్మ వెనక్కి లెక్కేసుకుంటే నిజమే. ఆయన తిని చెయ్యి కడుక్కుని అంగడికి పోయేవాడు, ఆమె ఆ తర్వాత ఎప్పుడో తినేది. రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది. వేడి పప్పు తిని ఎన్నాళ్ళయిందో. ఇంకొక తునక తుంచింది.

"ఉప్పు చాలిందా?" అన్నాడు రామకోటయ్య.

ఆమె నమలడం ఆపింది. ఆ మాట రోజుకు నాలుగుసార్లు తాను అడిగేదేగానీ, ఎవరూ తనను అడిగింది లేదు. చాలిందో లేదో చూసుకోవడమూ అలవాటు లేదు, ఉన్నది తినడమే. ఇంకొకసారి రొట్టె తుంచి, పప్పు నిండుగా తీసుకుని, నిదానంగా నమిలి, ఆలోచించింది.

"రవ్వంత తక్కువైంది," అంది.

రామకోటయ్య లేచాడు. మూడు తరాల అంగడిలో ఏ సరుకు యాడుందో చీకట్లో చేయి పెట్టి తీసే మనిషి, సొంత వంటింట్లో ఉప్పు డబ్బా యాడుందో తెలియక ఒక్కొక్క మూతే తీసి చూడసాగాడు. నాగరత్నమ్మ లేవబోయింది. లేవకుండా, ఇంకొక తునక తుంచుకుని, "పైన గూట్లో, ఎడమపక్క" అని చెప్పింది.